పడవలో కాపురం: పాత గ్రాండ్ బ్యాంక్స్ కొనవచ్చా?

ప్రశ్న: సియాటిల్‌లో ఉద్యోగం. నేనూ నా భార్యా మోటార్ యాట్‌లోనే ఉండిపోదామనుకుంటున్నాం. 1970ల నాటి 42 అడుగుల గ్రాండ్ బ్యాంక్స్ ఒకటి నచ్చింది. తీసుకోమంటారా?

జవాబు: ముందు పడవ కాదు, చోటు చూసుకోండి. చాలా మెరీనాలు పడవ కట్టుకోనిస్తాయి గానీ అందులో నివాసం ఉండనివ్వవు. షిల్‌షోల్ బే లాంటి చోట్ల అనుమతి ఉంది. ఖాళీ ఉందేమో కనుక్కున్నాకే బయానా ఇవ్వండి.

ఇద్దరికి 42 అడుగులు సరిపోతాయి. అయితే ఏ ఏడాదిదో అడగండి. ఈ కంపెనీ 1973లో చెక్క నుంచి ఫైబర్‌గ్లాస్‌కు మారింది. చెక్కదైతే, వడ్రంగం మీ సరదా అయితే తప్ప, వద్దంటాను. ఫైబర్‌గ్లాస్‌దైనా పైన పరిచిన టేకు పలకల మరలు చూడండి. వాటి పక్కనుంచి వాన నీరు దిగి లోపలి పొరను కుళ్లబెడుతుంది. చిన్న సుత్తితో కొడుతూ పోతే గట్టిగా మోగాల్సిన చోట డొల్లగా పలుకుతుంది. అదే నీరు కిందున్న ఇనుప డీజిల్ ట్యాంకుల నెత్తిన పడి తుప్పు పట్టిస్తుంది. ట్యాంకు మార్చాలంటే ఒక్కోసారి ఇంజనే పైకి లాగాలి, ఖర్చు మామూలుగా ఉండదు!

ఇంజన్లు రెండుంటే గొప్పేమీ కాదు, మరమ్మతులూ రెండే. మీరు కదిలేది తక్కువ కనుక హీటరు, మంచినీటి ట్యాంకు, మురుగు ట్యాంకు సైజు ముఖ్యం. చలికాలంలో పరుపు కింద చెమ్మ చేరుతుంది. గాలి ఆడే ఏర్పాటుందా చూడండి. పడవను నీళ్లలోంచి పైకెత్తించి, మీరు పెట్టుకున్న సర్వేయరు చేతే పరీక్ష చేయించండి. పాత పడవకు బీమా కంపెనీలు అడిగేదీ ఆ రిపోర్టే.