పేజీ తెరుచుకోలేదు



మన తరగతికి వచ్చే ఒక అక్క 2021లో పడ్డ తిప్పలు ముందు చెబుతాను. అక్క అడిగితేనే రాస్తున్నాను.

అక్క బిడ్డ కుట్టు శిక్షణలో చేరాలనుకుంది. దరఖాస్తు నెట్‌లోనే నింపాలి. ఇంట్లో ఫోను ఉంది. పేజీ తెరిచారు. పైన పేరు కనబడింది. కింద ఒక ఖాళీ డబ్బా. అందులో "ప్లగిన్ లేదు" అని ఇంగ్లీషు ముక్క. అంతే!

అక్క మద్నూర్ నెట్ సెంటరుకు పోయింది. అక్కడా అదే డబ్బా.

"తమ్మీ, నా ఫోను ఖరాబైందా?"

"ఫోను మంచిగనే ఉందక్కా. పేజీనే గట్ల జేసిండ్రు."

గడువు దాటింది. సీటు పోయింది. "నాకు చదువు రాక గిట్లయింది" అని అక్క చాలా రోజులు బాధపడింది. కానీ ఆ డబ్బా ముందు చదువు వచ్చినవాళ్ళూ ఆగిపోయేవాళ్ళే. తప్పు అక్కది కాదు. ఎందుకో చూద్దాం.

మన దగ్గర సోయా, పత్తి, కంది పండుతాయి. బస్తాలు మార్కెట్‌కు పోతాయి. బస్తా మీద చీటీ కడతారు. లోపల ఏముందో చీటీ చెబుతుంది. నెట్ పేజీ కూడా అలాంటిదే. "ఇది పేరు", "ఇది మాట", "ఇక్కడ బొమ్మ" అని ప్రతి ముక్కకూ చీటీ కడతారు. ఈ చీటీల పద్ధతినే హెచ్‌టీఎంఎల్ అంటారు. చీటీలు చదివి పేజీని మనకు చూపేది బ్రౌజర్. ఫోనులో క్రోమ్ అని ఉంటుంది కదా, అది ఒక బ్రౌజర్. ఫైర్‌ఫాక్స్ ఇంకొకటి.

టిమ్ బెర్నర్స్-లీ అనే ఆయన స్విట్జర్లాండులోని సెర్న్ అనే విజ్ఞాన సంస్థలో పని చేస్తూ ఈ పద్ధతి తయారు చేశాడు. 1991 నాటికి బయటివాళ్ళు కూడా చూడగలిగారు. అప్పటి తొలి పేజీ వట్టి అక్షరాలే. దాని ప్రతిని ఈనాటి ఫోనులోనూ చదవవచ్చు. ముప్పై ఏళ్ళు దాటినా పాడుకాలేదు!

ఇందులో ఇంకో సుగుణం ఉంది. బ్రౌజర్‌కు తెలియని చీటీ ఎదురైతే అది చీటీని వదిలేస్తుంది. లోపలి మాటను మాత్రం చూపిస్తుంది. చీటీ చిరిగినా కందులు కందులే కదా.

మరి ప్లగిన్ ఏమిటి? అది బ్రౌజర్‌కు బయటినుంచి తగిలించే అదనపు పనిముట్టు. మొదట్లో హెచ్‌టీఎంఎల్‌కు వీడియో ఆడించడం రాదు. కదిలే బొమ్మలూ కష్టం. అందుకని ఫ్లాష్ అనే ప్లగిన్ వచ్చింది. చాలామంది పేజీలు దానితోనే చేశారు. చూడ ముచ్చటగా ఉండేవి, కాదనను. కానీ ఐఫోన్‌లో ఫ్లాష్ ఎన్నడూ పని చేయలేదు. తయారు చేసిన అడోబీ కంపెనీయే 2020 డిసెంబరు 31న దాన్ని ఆపేసింది. ఆ రోజు తరువాత ఫ్లాష్ పేజీలు ఖాళీ డబ్బాలైపోయాయి. అక్కకు కనబడింది అలాంటి డబ్బాయే. మూడేళ్ళ ముందే, 2017లోనే, కంపెనీ ఈ మాట చెప్పింది. పేజీ పెట్టినవాళ్ళు మార్చుకోలేదు.

జొన్నరొట్టె ఏ ఇంటి పెంక మీదైనా కాలుతుంది. కేకుకు వేరే పొయ్యి కావాలి. చుట్టాలందరి ఇంట్లో ఆ పొయ్యి ఉంటుందా?

మన తెలుగు అక్షరాలకూ ఇదే గతి పట్టింది. కంప్యూటర్ అక్షరాన్ని అంకెగా దాచుకుంటుంది. మొదట్లో ఒక్కో తెలుగు పత్రిక ఒక్కో సొంత ఫాంటు వాడేది. ఈనాడు పేజీకి ఈనాడు ఫాంటే కావాలి. అది లేని కంప్యూటర్లో తెలుగుకు బదులు పిచ్చి గీతలు, ఇంగ్లీషు అక్షరాలు కనబడేవి. చదువుకున్నవాళ్ళు కూడా నిరక్షరాస్యులైపోయేవారు! వాటిని సరిచేసి చూపడానికి ఫైర్‌ఫాక్స్‌కు 'పద్మ' అనే తగిలింపు వచ్చింది. మంచి పనిముట్టే. కానీ అది తగిలించుకున్నవాళ్ళకే తెలుగు కనబడేది.

దీనికి మందు యూనికోడ్. ప్రపంచమంతా ఒప్పుకున్న అంకెల పట్టిక అది. 1991లోనే అందులో తెలుగుకు చోటు దొరికింది. అ అంటే 3077. క అంటే 3093. హైదరాబాదులో రాసినా దుబాయిలో చదివినా అవే అంకెలు. 2003లో మొదలైన తెలుగు వికీపీడియా యూనికోడ్‌లోనే ఉంది. మన మూలన తెలుగు, మరాఠీ, కన్నడ మూడూ వినబడతాయి. ఒకే పేజీలో మూడూ రాసినా కలగాపులగం కావు.

ఇప్పుడు మన సంగతి. సంఘం తరఫున కందిపప్పు, కారం అమ్మడానికి పేజీ పెడదామన్నారు. పని చేసిపెట్టే పిల్లగాడు "మా యాప్ ఎక్కించుకుంటేనే తెరుచుకునేటట్టు జేస్తా, మస్తుగుంటది" అన్నాడు. దెగ్లూరులో పప్పు కొనే ఆమె దానికోసం యాప్ ఎక్కించుకుంటుందా? ఆమె ఫోనులో జాగా ఉండాలి కదా. పైగా ఎవరో పంపిన యాప్ ఎక్కించి బ్యాంకు డబ్బు పోగొట్టుకున్నవాళ్ళ సంగతి వింటూనే ఉన్నాం. అడగ్గానే ఎక్కించకూడదని మనమే చెప్పి, మన పేజీయే అడిగితే ఎలా?

వట్టి హెచ్‌టీఎంఎల్ చాలునని నేనన్నాను. ధర, తూకం, ఫోను నంబరు అక్షరాల్లో రాయాలి. ధరల పట్టికను బొమ్మగా పెట్టవద్దు. అక్షరాలైతే పెద్దవి చేసుకోవచ్చు. చదవడం రాని అవ్వకు ఫోనే చదివి వినిపిస్తుంది. బొమ్మలోని రాతను అంత నమ్మకంగా చదవలేదు. వీడియో కావాలంటే ఇప్పుడు హెచ్‌టీఎంఎల్‌కే వచ్చు. 2014లో ఖరారైన హెచ్‌టీఎంఎల్ 5 నియమాల్లో వీడియోకు చీటీ ఉంది.

అదనపు పనిముట్టు ఎక్కడా వద్దని కాదు. కంప్యూటర్‌లో డిజిటల్ సంతకం పెట్టడానికి వేరే సాఫ్ట్‌వేర్ కావలసి వస్తుంది. అది సంతకం పెట్టేవారి కంప్యూటర్లో ఉంటే చాలు. కొనడానికి వచ్చినవాళ్ళ నెత్తిన పెట్టకూడదు.

పిల్లగాడు కొంచెం చిన్నబుచ్చుకున్నాడు. ఆ అక్కే లేచింది. "నీ ఫోన్ల గాదు తమ్మీ, నా ఫోన్ల తెరిచి చూపియ్యి" అంది. ఆమెది గీతలు పడిన పాత ఫోను. నెట్ నెమ్మది. ముందు ఒట్టి అక్షరాలు వచ్చాయి: కందిపప్పు, కారం, ధర. కాసేపటికి బొమ్మ వచ్చింది. అక్క ధరను కూడబలుక్కుని పైకి చదివింది.

మీరు చేయండి: మీ ఇంట్లోని అన్నిటికంటే పాత ఫోనులో ఈ పేజీ తెరవండి. ఏ మాట కనబడలేదో పలక మీద రాసుకుని రేపు తరగతికి తెండి.