'బిలాంగ్' వాడుక

ఇంటర్వ్యూల్లో మనవాళ్లు కొందరు 'ఐ యామ్ బిలాంగింగ్ టు కర్నూల్' అంటుంటారు. 'బిలాంగ్' పనిని కాదు, స్థితిని చెప్పే క్రియ. అందుకే మామూలుగా దానికి 'ఇంగ్' చేర్చరు. ఊరు చెప్పడానికి 'ఐ యామ్ ఫ్రమ్ కర్నూల్' చాలు.

వస్తువు ఎవరిదో చెప్పాలంటే 'టు' తప్పదు: 'దిస్ బాక్స్ బిలాంగ్స్ టు మీ'. తెలుగులో 'ఈ పెట్టె నాది' అంటాం. 'నాకు చెందినది' అనేది ఆఫీసు కాగితాల భాష. 'బిలాంగింగ్స్' అంటే మాత్రం పెట్టెలోని మన సామాన్లు. అది నామవాచకం.

'టు' లేని వాడుకే నాకు ఎక్కువ ఇష్టం. 'ది ప్లేట్స్ బిలాంగ్ ఆన్ దట్ షెల్ఫ్' అంటే పళ్లేలు ఉండాల్సిన చోటు ఆ అర. 'ఐ బిలాంగ్ హియర్' అంటే ఇది నా చోటే, నేనిక్కడ పరాయివాణ్ని కాను అని. మా ఇంట్లో డిగ్రీ దాటింది నేనే మొదలు. పీజీ క్లాసులో కూర్చుని ఈ వాక్యం నాలో నేను అనుకోవడానికి ఏడాది పట్టింది. రాసేటప్పుడు 'హియర్' ముందు 'టు' పెట్టకండి.