రెండు మందులు, ఒకే సూది: కాంబినేషన్ యాంటీబయాటిక్ ఎక్కించేటప్పుడు గమనించాల్సినవి

పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే కాలనీల్లో తెలుగు వినడానికి వెతుక్కోనక్కర్లేదు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన కుటుంబాలు మథురాకాటి, నింపురా వంటి చోట్ల తరాలుగా ఉంటున్నాయి. ఇంట్లో తెలుగు, బజారులో బెంగాలీ, డ్యూటీలో హిందీ, మందు చీటీ మీద ఇంగ్లిష్. ఇన్ని భాషల మధ్య ఒక్కోసారి రోగి ప్రాణానికి సంబంధించిన ఒక చిన్న వివరం జారిపోతుంది.

అలాంటి ఇంట్లో 65 ఏళ్ల రిటైర్డ్ ఉద్యోగి ఒకరిని ఊహించుకుందాం. పదేళ్లుగా షుగరు ఉంది. రెండు రోజులుగా చలిజ్వరం, మూత్రంలో మంట, నడుము పక్కన నొప్పి. మాత్రలకు తగ్గలేదని ఆస్పత్రిలో చేర్చారు. "ఖరీదైనా పరవాలేదు, పవరున్న సూది వెయ్యండి డాక్టరుగారూ" అన్నాడు కొడుకు. పైపరాసిలిన్–టాజోబాక్టం ఇవ్వాలని డాక్టరు అనుకున్నారు. సీసా మీద 4.5 గ్రాములని ఉంది. అందులో 4 గ్రాములు ఒక మందు, అర గ్రాము మరొకటి.

రెండు మందులు కలిస్తే పవరు రెట్టింపు అవుతుందా? ఇక్కడ లెక్క అలా ఉండదు.

రెండో మందు చేసే పని

బ్యాక్టీరియా చుట్టూ గట్టి గోడ ఉంటుంది. ఆ గోడను కట్టే ఎంజైములకు అతుక్కుని వాటిని పనిచేయకుండా ఆపేవి పెన్సిలిన్ కుటుంబపు మందులు. వాటి అణువులో నాలుగు పరమాణువులతో ఏర్పడిన చిన్న వలయం ఉంటుంది. దాని పేరు బీటా–లాక్టం. మామూలుగా ఈ పరమాణువుల బంధాల మధ్య ఉండాల్సిన కోణం కంటే ఇక్కడి కోణం చాలా తక్కువ, దాదాపు 90 డిగ్రీలు. అందుకే ఆ వలయం బలవంతంగా వంచి పెట్టిన వెదురుబద్దలా ఉంటుంది. ఎంజైము తగలగానే విచ్చుకుని దానికి అతుక్కుపోతుంది. గోడ కట్టడం ఆగి బ్యాక్టీరియా చస్తుంది.

బ్యాక్టీరియా దీనికీ విరుగుడు కనిపెట్టింది. బీటా–లాక్టమేజ్ అనే ఎంజైమును తయారుచేసి, మందు గోడ దాకా రాకముందే ఆ వలయాన్ని తెంపేస్తుంది. ఎడ్వర్డ్ అబ్రహాం, ఎర్నెస్ట్ చైన్ 1940లోనే ఈ ఎంజైము గురించి ప్రకటించారు. అప్పటికి పెన్సిలిన్ ఇంకా విస్తృత వాడకంలోకి రాలేదు.

టాజోబాక్టం పని ఇక్కడ మొదలవుతుంది. బ్యాక్టీరియాను చంపే శక్తి దానికి పెద్దగా లేదు. ఆ దొంగ ఎంజైముకు తానే చిక్కి, దాన్ని పనికిరాకుండా చేస్తుంది. ఆ సందులో పైపరాసిలిన్ తన పని తాను చేసుకుపోతుంది. నోటి మాత్రల్లో అమాక్సిసిలిన్‌తో కలిపే క్లావులనిక్ ఆమ్లమూ, ఇంజెక్షన్లలో సెఫోపెరజోన్‌తో కలిపే సల్‌బాక్టమూ చేసేది ఇదే.

కాబట్టి రెండో మందు ఒక కాపలాదారు మాత్రమే. ఆ బ్యాక్టీరియా దగ్గర అసలు ఆ ఎంజైమే లేకపోతే కాపలా వల్ల అదనపు లాభం లేదు.

కాపలాకు లొంగని దొంగలు

బీటా–లాక్టమేజ్ ఎంజైముల్లో చాలా రకాలున్నాయి. 2009లో బయటపడిన ఎన్‌డీఎం–1 రకం జింకు సాయంతో పనిచేస్తుంది. టాజోబాక్టం, సల్‌బాక్టం దాన్ని ఆపలేవు.

ప్రయోగశాల నివేదికలో 'పనిచేస్తుంది' అని ఉన్నా ఒక్కోసారి సరిపోదు. సెఫ్‌ట్రియాక్సోన్‌కు లొంగని బ్యాక్టీరియా రక్తంలో చేరిన రోగులపై జరిగిన 'మెరినో' అనే అంతర్జాతీయ పరిశోధన ఫలితాలు 2018లో వచ్చాయి. ఆ బ్యాక్టీరియా పైపరాసిలిన్–టాజోబాక్టంకు లొంగుతుందని పరీక్షల్లో తేలినా, ఆ మందు ఇచ్చినవారిలో 30 రోజుల్లో 12.3 శాతం మంది చనిపోయారు. మెరోపెనెమ్ ఇచ్చినవారిలో అది 3.7 శాతం.

ఈ పోరులో మన దేశం పాత్ర కూడా ఉంది. చెన్నైకి చెందిన ఆర్కిడ్ ఫార్మా శాస్త్రవేత్తలు టాజోబాక్టం అణువుకు ఒక మిథైల్ సమూహాన్ని చేర్చి ఎన్‌మెటాజోబాక్టం తయారుచేశారు. ఆ చిన్న మార్పుతో అది బ్యాక్టీరియా లోపలికి మరింత తేలిగ్గా చొరబడగలిగింది. సెఫిపైమ్‌తో కలిపిన ఈ మందుకు 2024 ఫిబ్రవరిలో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. తీవ్రమైన మూత్రనాళ ఇన్ఫెక్షన్లపై జరిగిన పరీక్షలో ఇది 79.1 శాతం మందిలో ఫలించగా, పైపరాసిలిన్–టాజోబాక్టం 58.9 శాతం మందిలో ఫలించింది. అయితే ఎన్‌డీఎం రకాన్ని ఇదీ ఆపలేదు. కొత్త మందును అవసరమైన చోటే వాడి దాచుకోవాల్సింది అందుకే.

గడియారం చెప్పే లెక్క

భౌతికశాస్త్రంలో అర్ధాయువు గురించి చదివే ఉంటారు. మందులకూ అది వర్తిస్తుంది. మూత్రపిండాలు బాగా పనిచేసేవారి రక్తంలో పైపరాసిలిన్ సుమారు గంటకు సగమవుతుంది. రెండు గంటలకు నాలుగో వంతు, ఆరు గంటలకు 64వ వంతు మిగులుతుంది. ఒక్క సూది వేయించుకుని ఇంటికెళ్లి మర్నాడు మళ్లీ వస్తే? 24 గంటలకు మిగిలేది 1,67,77,216వ వంతు, అంటే ఏమీ లేనట్టే. ఈ కుటుంబపు మందులు రక్తంలో తగినంత మోతాదులో ఎంతసేపు నిలిచాయన్నదాన్ని బట్టి పనిచేస్తాయి. అందుకే ఆరు లేదా ఎనిమిది గంటలకొకసారి, నెమ్మదిగా సెలైన్‌తో ఎక్కిస్తారు.

సెఫ్‌ట్రియాక్సోన్ అర్ధాయువు సుమారు ఎనిమిది గంటలు కాబట్టి చాలా ఇన్ఫెక్షన్లకు దాన్ని రోజుకొకసారి ఇచ్చినా చాలు. పక్కింటివాళ్లకు రోజుకో సూదితో తగ్గింది కదా అని మనకూ అలాగే ఇమ్మనడం పొరపాటు. సీసాలు ఒకేలా కనిపించినా లోపలి గడియారాలు వేరు.

మూత్రపిండాలు దెబ్బతింటే ఈ లెక్క తలకిందులవుతుంది. మందు బయటికి పోక పేరుకుంటుంది. సెఫిపైమ్ అలా పేరుకుంటే మనిషి అయోమయంలో పడిపోవచ్చు, ఫిట్స్ కూడా రావచ్చు. కాబట్టి షుగరు, బీపీ ఉన్నవాళ్లకు, పెద్ద వయసువాళ్లకు క్రియాటినిన్ పరీక్ష చూసి మోతాదు నిర్ణయించాలి.

ఏది దేనితో కలపకూడదు

పైపరాసిలిన్–టాజోబాక్టంను జెంటామైసిన్ వంటి మందులతో ఒకే సిరంజిలో కలిపితే జెంటామైసిన్ శక్తి తగ్గిపోతుంది. వాంకోమైసిన్‌తో పాటు వాడితే మూత్రపిండాలపై ఓ కన్నేసి ఉంచాలి. సెఫ్‌ట్రియాక్సోన్‌ను రింగర్ లాక్టేట్ లాంటి కాల్షియం ఉన్న ద్రవాలతో కలపకూడదు. కాల్షియం ద్రవాలు ఎక్కుతున్న నవజాత శిశువులకైతే ఆ మందు అసలు ఇవ్వకూడదు. సెఫోపెరజోన్ వాడే రోజుల్లోనూ ఆ తర్వాత కొద్దిరోజులూ మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, గుండెదడ వస్తాయి. సరిగా తినలేనివారిలో ఈ మందు విటమిన్–కె తగ్గించి రక్తస్రావానికీ దారితీయవచ్చు.

ఏ యాంటీబయాటిక్ వాడుతున్నా నీళ్ల విరేచనాలు పట్టి ఆగకపోతే వెంటనే డాక్టరుకు చెప్పాలి. కోర్సు ముగిశాక కొన్ని వారాలకు మొదలైనా సరే, విరేచనాలు ఆపే మాత్ర సొంతంగా వేసుకోకూడదు.

అడగాల్సిన ప్రశ్న

మన రిటైర్డ్ ఉద్యోగి దగ్గరికి తిరిగొద్దాం. మందు కలిపే ముందు సిస్టర్ అడిగింది: "ఇంతకుముందు ఏ మందైనా పడకుండా పోయిందా?" కొడుకు లేదన్నాడు. మంచం మీదున్న తండ్రి నెమ్మదిగా అన్నాడు: "చాన్నాళ్ల కిందట విశాఖపట్నంలో పెన్సిలిన్ సూది వేశారమ్మా. ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడలేదు." కొడుక్కి ఆ సంగతే తెలియదు. పైపరాసిలిన్ కూడా పెన్సిలిన్ కుటుంబపు మందే. డాక్టరు వేరే మందు ఎంచుకున్నారు.

పెన్సిలిన్ పడదని చెప్పేవారిలో ఎక్కువమందికి పరీక్ష చేస్తే నిజమైన అలర్జీ ఉండదు. అది తేల్చాల్సింది మాత్రం డాక్టరే, మన పని దాచకుండా చెప్పడం. టెస్టు డోసు వేశారు కదా, ఇక భయం లేదనీ అనుకోకూడదు. ఎక్కిస్తుండగా దద్దుర్లు, పెదాల వాపు, ఆయాసం, కళ్లు తిరగడం కనిపిస్తే క్షణం ఆలస్యం చేయకుండా సిస్టర్‌ను పిలవాలి. అడ్రినలిన్ అందుబాటులో లేని చోట, ఇంట్లో గానీ మందుల షాపులో గానీ, ఈ సూదులు వేయించుకోకూడదన్నది ఇందుకే.

ఇంటివాళ్లు చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. వీలైనంతవరకూ మొదటి డోసుకు ముందే మూత్రం, రక్తం కల్చర్‌కు తీశారా అని అడగండి. ప్రాణాపాయం ఉంటే మాత్రం దానికోసం మందు ఆలస్యం కాకూడదు. రెండు మూడు రోజుల్లో నివేదిక వచ్చాక, ఇదే మందు కొనసాగించాలా, ఇంతకంటే చిన్నది సరిపోతుందా అని అడగండి. జ్వరం తగ్గిందని మధ్యలో మానేయకండి. ఇంకో నాలుగు రోజులు వేయమని మీరే అడగకండి.

చివరిగా ఒక చిన్న కాగితం. పడని మందు పేరు, అప్పుడు ఏం జరిగింది, చివరిసారి క్రియాటినిన్ ఎంత, గత మూడు నెలల్లో వాడిన యాంటీబయాటిక్‌లు: ఈ నాలుగూ అందరికీ అర్థమయ్యేలా ఇంగ్లిష్‌లో రాయించి పర్సులో పెట్టుకోండి. వైద్యం కోసం ఖరగ్‌పూర్ నుంచి కోల్‌కతాకో, విశాఖకో, వెల్లూరుకో రైలెక్కేవాళ్లకు టికెట్ ఎంత ముఖ్యమో అదీ అంతే.