విలోమ ఎమల్షన్ పాలిమరీకరణం: నేల కోతను అరికట్టే పాలిమర్ల తయారీ, వినియోగం

పరిచయం
పెండ్లిమర్రి, పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల్లో సాళ్ల ద్వారా నీరు పారించే పొలాల్లో మట్టి కొట్టుకుపోవడం, పైపొర బిగిసి నీరు ఇంకకపోవడం అనే నష్టాలు కలుగవచ్చు. వీటిని తగ్గించగల పదార్థాల్లో రుణావేశిత పాలీఎక్రిలమైడ్ ఒకటి. ఇది పొడిగాను, పాలవంటి ద్రవంగాను లభిస్తుంది. ద్రవరూపపు తయారీని అర్థం చేసుకుంటే దాని వాడకపు పరిమితులు కూడా తెలుస్తాయి.

తయారీ విధానం
ఎక్రిలమైడ్‌ను గాఢ జలద్రావణంలో పాలిమరీకరిస్తే ద్రావణం జిగురుముద్దగా మారి, చర్యలో వెలువడే వేడి బయటికి పోదు. విలోమ పద్ధతిలో మోనోమర్ జలద్రావణాన్ని ఖనిజతైలంలో సూక్ష్మబిందువులుగా విడగొడతారు. నూనెలో నీరు ఉండటం చేత దీనిని విలోమ ఎమల్షన్ అంటారు. పాలిమరీకరణం బిందువుల్లోనే జరుగుతుంది, వేడిని తైలం గ్రహిస్తుంది. అణుభారం ఎంతో పెరిగినా ద్రవం పలుచగానే ఉంటుంది. వాండర్‌హాఫ్ బృందం 1962లో ఈ పద్ధతిని వివరించింది.

కోపాలిమర్ స్థిరీకారి
బిందువులు కలిసిపోకుండా స్థిరీకారి కాపాడుతుంది. పాలీఇథిలీన్ ఆక్సైడ్ ఖండం నీటి వైపు, పాలీహైడ్రాక్సీస్టియరిక్ ఆమ్ల ఖండాలు నూనె వైపు నిలిచే కోపాలిమర్ ఇందుకు ఉదాహరణ. చిన్న అణువుల సర్ఫాక్టెంట్లకంటే ఇది బిందువును గట్టిగా అంటిపెట్టుకుంటుంది. పొలంలో నీటితో కలిపినప్పుడు, నీటిని ఇష్టపడే మరొక సర్ఫాక్టెంట్ ఎమల్షన్‌ను తిరగబెట్టి పాలిమర్‌ను నిమిషాల్లో విడుదల చేస్తుంది. పొడి మాత్రం ఉండకట్టి నెమ్మదిగా కరుగుతుంది.

పొలంలో వినియోగం
అమెరికాలోని ఐడాహోలో లెంట్జ్, సోజ్కా సాలు నీటిలో లీటరుకు 10 మి.గ్రా. చొప్పున కలిపి చేసిన ప్రయోగాల్లో మట్టి కోత సుమారు 94 శాతం తగ్గింది. 30 శాతం క్రియాశీల ఎమల్షన్ అయితే ఈ మోతాదుకు 1,000 లీటర్ల నీటికి సుమారు 33 గ్రాములు పడుతుంది.

గమనించవలసిన అంశాలు
1. పాలిమర్‌ను బంకమట్టి కణంతో కలిపే వారధి కాల్షియం. సోడియం అధికంగా ఉన్న నీటిలో ఫలితం తగ్గుతుంది. ముందుగా నీటి పరీక్ష చేయించాలి.
2. ఎక్రిలమైడ్ మోనోమర్ నాడీమండలానికి విషం. ఉత్పత్తిలో దాని అవశేషం 0.05 శాతం మించరాదు.
3. ధనావేశిత రకాలు చేపలకు హానికరం, వాటిని వాడరాదు.
4. ఇది హైడ్రోజెల్ కాదు, నీటిని నిల్వ చేయదు. డ్రిప్ ఉన్న చీనీ, అరటి తోటల్లో సాలు కోత సమస్య లేదు గనుక దీని అవసరమూ లేదు.

ముగింపు
ఐడాహో ఫలితాలు ఒండ్రుమట్టి నేలలవి. నల్లరేగడికి వాటిని నేరుగా అన్వయించరాదు. ఒకే పొలంలో సగం సాళ్లకు పాలిమర్ వేసి, సగం వదిలి, పారిన నీటిలోని మట్టిని తూచి పోల్చిన తరువాతే రైతులకు సిఫారసు చేయాలి.