తుప్పు క్రింది లోహము

మాదాపురములోని సైబర్ టవర్స్ 1998వ సంవత్సరము నవంబరు 22వ తేదీన నాటి ప్రధానమంత్రి అటల్ బిహారీ వాజపేయి చేతులమీదుగా ప్రారంభమైనది మొదలు, గ్రానైటు గుట్టల నడుమ ఒక్కొక్కటిగా అద్దాలమేడలు లేచి కొండాపురము, గచ్చిబౌలి, నానక్‌రాంగూడ, కోకాపేటల వరకు ప్రాకిపోయిన ఈ సీమయందు, తమ్ము తాము తీర్చిదిద్దుకొనవలెనను తపన గల యువజనులను నేను నిత్యము చూచుచున్నాను. పగలెల్ల కంప్యూటరు ముందు కూర్చుండి రాత్రి యిల్లు చేరిన పిదప ఒకరు క్రొత్త ప్రోగ్రామింగు భాష నేర్చుకొందురు. ఒకరు సర్టిఫికెట్టు పరీక్షకు చదువుదురు. మఱియొకరు వక్తృత్వమున శిక్షణ పొందుదురు. ఈ తపన నిండు మనస్సుతో మెచ్చదగినది. అయినను, పూతమీద పూత వేసికొనుటకు ముందు మన అంతరంగమున గీకివేయవలసినదియు, కోసివేయవలసినదియు కొంత కలదనియు, ఆ పని చేయక వేసిన పూత ఎంత నాణ్యమైనదైనను నిలువదనియు నాకు బోధపఱచినది ఏ గ్రంథమును గాదు. మా యింటి వసారాలో నాలుగు ఇనుపస్టాండ్లపై నిలిచిన ఒక పాత జీపు ఛాసిస్.

జీపు తెలుగువానికి పరాయి వస్తువు కాదు. రెండవ ప్రపంచయుద్ధకాలమున అమెరికా సైన్యము కొఱకు విల్లీస్ సంస్థ 1941లో తయారుచేయనారంభించిన ఆ బండిని, 1945లో స్థాపితమైన మహీంద్రా సంస్థ 1947 నుండి బొంబాయిలో కూర్చి మన దేశమున అమ్మసాగెను. జమాబందీకి తహసీల్దారు వచ్చినను, ఓట్ల కొఱకు నాయకుడు వచ్చినను, దుమ్ము రేపుకొనుచు ఊరిలో అడుగిడినది జీపే. మాది ఎత్తైన బానెట్టు గల సీజే-3బీ; ముందు ఇరుసుకును వెనుక ఇరుసుకును నడిమి దూరము 80 అంగుళములు. కోనసీమ కొబ్బరితోటలలో మా మేనమామగారు దశాబ్దములపాటు నడిపిన ఆ బండి, ఆయన అనంతరము పండ్రెండేండ్లు పాకక్రింద పడియుండి, తుదకు లారీపై కొండాపురము చేరినది. బాడీని ఎత్తి ప్రక్కన పెట్టగా, నిచ్చెనవలె రెండు పొడుగాటి కమ్ములును, వానిని కలుపు అడ్డపట్టీలును గల ఛాసిస్ బయటపడినది. పైకి అది నల్లగా నిగనిగలాడుచునే యున్నది. ఎవరో, ఎప్పుడో, బురదమీదనే రంగు కొట్టించిరి.

తుప్పు స్వభావమును కొంత తెలిసికొనుట మంచిది. ఇనుమును, నీరును, గాలిలోని ప్రాణవాయువును కలిసినచోట తుప్పు పుట్టును. సముద్రపుగాలిలోని ఉప్పు ఆ క్రియను త్వరపఱచును. అల్యూమినియముపై ఏర్పడు పొర ఆ లోహమును అంటిపెట్టుకొని దానికి కవచమగును. ఇనుముపై ఏర్పడు తుప్పు అట్లుగాక పొరలుపొరలుగా రాలుచు, క్రింది ఇనుమును మఱల గాలికిని నీటికిని అప్పగించును. అంతియకాదు, తాను పుట్టిన ఇనుముకంటె రెండు మొదలు ఆఱు రెట్ల వరకు ఎక్కువ చోటును అది ఆక్రమించును గనుక, రెండు రేకులు అతికిన సందున దూరినచో లోపలినుండియే ఉబ్బి వానిని విడదీయును. నిజామాబాదు సీమలోని కోనసముద్రమునందును, నిర్మల్ ప్రాంతమునందును మన కమ్మరులు మూసలలో వండిన ఉక్కు పారసీకదేశము వరకు పోయి, ప్రసిద్ధములైన ఖడ్గములుగా రూపొందినది. అంతటి ఉక్కునైనను నూనెగుడ్డతో తుడువనిచో చిలుము విడిచిపెట్టదు. పుట్టుకతో వచ్చిన ప్రతిభయు ఇట్టిదే. దానిని కాపాడుకొనుట మాత్రము ప్రతిదినము చేయవలసిన పని.

రాణిగంజిలో నలువది యేండ్లు బండ్లపని చేసి యింటిపట్టున నున్న ఒక ఉస్తాద్‌ను బతిమాలి పిలుచుకొని వచ్చితిని. ఆయన ఛాసిస్ వంక చూడనైన చూడక, చిన్న సుత్తి యొకటి అడిగి తీసికొని, ఒక కొసనుండి జానెడు జానెడు దూరమున తట్టుచు నడచెను. ఇనుము గట్టిగా నున్నచోట గంటవలె ఖణేలుమన్నది. లోన తినివేయబడినచోట తడిసిన అట్టపెట్టెపై కొట్టినట్లు మూగవోయినది. "కండ్లతోని జూస్తే అంతా మంచిగనే కనవడ్తది సారూ, చెవు వెట్టి ఇనుండ్రి" అని, మూగవోయిన ప్రతిచోటను సుద్దముక్కతో వలయము గీసెను. నల్లని నిగనిగపై ఏడు తెల్లని వలయములు తేలినవి.

ఆ రాత్రి నాకు చాలసేపు నిద్ర పట్టలేదు. మనలను ఎవరు తట్టి చూచుచున్నారు? వత్సరమున కొకతూరి కార్యాలయమున జరుగు సమీక్ష మన రంగును చూచును గాని శబ్దమును వినదు. ఇల్లాలి మాటయో, బిడ్డ ప్రశ్నయో, చిన్ననాటి మిత్రుని మందలింపో తగిలినపుడు మనము ఎచట ఖణేలుమని బదులు పలుకుదుమో అచట మనము గట్టివారము. ఎచట మాట మార్చుదుమో, ఎచట అకారణముగా కోపము తెచ్చుకొందుమో అచట సుద్దవలయము గీసికొనవలెను. వ్యక్తిత్వవికాసమునకు మొదటి మెట్టు సంకల్పము కాదు, పరీక్ష.

పరీక్ష ముగిసిన పిదప ఓర్పుతో పని. కమాన్ కట్టలను పట్టియుంచు బోల్టులు తుప్పుతో బిగిసియుండగా, బలముకొద్ది పానా త్రిప్పినచో బోల్టు తెగునే గాని ఊడదు. సాయంకాలము డీజిలు కలిపిన నూనె పోసి విడిచి, మఱునాడు వదులు చేయుటకు ముందు ఒక వెంట్రుకవాసి బిగించి, అటుపిమ్మట వదులు చేయవలెనని ఉస్తాద్ నేర్పెను. ఏండ్ల తరబడి బిగిసిన అలవాటును సైతము ఒక్క ఊపున పెఱికివేయ జూచినచో మనమే తెగుదుము. రాత్రులు నానబెట్టుటకు సిద్ధపడవలెను. గ్రైండరుకు తీగబ్రష్షు తగిలించి, కన్నులకు అద్దములును, ముక్కునకు మాస్కును కట్టుకొని, ప్రతి శనివారము రెండేసి గంటలు గీకితిని. నల్లరంగు, దానిక్రింద బురద, దానిక్రింద ఇటుకరంగు పొట్టు రాలిపోయి, బూడిదవన్నె లోహము తొలిసారిగా వెలుగు చూచినది. ఛాసిస్ సంఖ్య చెక్కియున్న చోటును మాత్రము బ్రష్షు సోకనీయక, చేతితో మెల్లగా శుభ్రపఱచితిని. తొలి రిజిస్ట్రేషను జరిగి ఏబది యేండ్లు దాటిన బండ్లకు 'వీఏ' అక్షరములు గల ప్రత్యేకసంఖ్య నిచ్చుటకు కేంద్రప్రభుత్వము 2021లో నియమములు చేసినది. ఛాసిస్‌ను గాని, బాడీని గాని, ఇంజనును గాని గణనీయముగా మార్చిన బండికి ఆ గౌరవము దక్కదు. మనుష్యుడును తన్ను తాను బాగుచేసికొనవలెనే గాని, తన గుర్తును చెఱిపివేసికొని ఇంకొకని యచ్చుగా మాఱరాదు.

సుద్దవలయములున్నచోట కుళ్ళిన ఇనుమును కోసి, గట్టి ఇనుము తగులువఱకు పోయి, అచట క్రొత్త పలక అతుకవలెను. బలము కొఱకని నేను మందమైన పలక తెచ్చితిని. ఉస్తాద్ దానిని ప్రక్కన పెట్టించి, పాత ఇనుము మందమునకు సరిపోవుదానినే తెప్పించెను. అతుకు మఱీ మందమైనచో బరువు పడినపుడు అది వంగదు. దాని అంచున ఉన్న పాత ఇనుము పగులును. జీవితమున కెక్కువైన ప్రతిజ్ఞ ఇట్లే ప్రక్కనున్న ఆరోగ్యమునో, సంసారమునో పగులగొట్టును. ఒకనాడు ఆతురతతో నేను ఒకేవరుసగా పొడుగున వెల్డింగు చేసితిని; చల్లాఱిన పిమ్మట మూలనుండి మూలకు టేపు పట్టి చూడగా రెండు కొలతలకును నాలుగు మిల్లీమీటర్ల తేడా వచ్చినది. వేడి ఒకేచోట పోగుపడి ఛాసిస్ వంకరపోయినది. దానిని కోసి, మఱల అంగుళము మేర అతికి, చల్లాఱనిచ్చి, ఎదుటి ప్రక్కకు పోయి మఱియొక అంగుళము అతికితిమి. మూడు శనివారములు పట్టినది. రెండు కొలతలును సమమైనవి. ఒక్కరాత్రిలో మాఱిపోవలెనను ఉత్సాహము గలవారందఱికిని ఆ టేపును చూపింపవలెనని నాకు తోచును.

అటుపిమ్మట రెడ్ ఆక్సైడ్ ప్రైమరు, దానిపై నల్లరంగు. ఇక పని ముగిసినదని నేను తలంచుచుండగా, ఉస్తాద్ నేలపై వెల్లకిల పండుకొని, కమ్మి ముందుభాగమున, పెట్టెవలె మూసియున్నచోట, అడుగున వేలు జొనిపి ఒక రంధ్రమును వెదకెను. చిటికెనవ్రేలి పాటి రంధ్రము. దశాబ్దముల బురద దానిని మూసివేసినది. లోనికి పోయిన నీరు వెలికి రాలేక అచటనే నిలిచి, మా ఏడు వలయములలో నాలిగింటికి కారణమైనది. ఆయన తీగతో ఆ బురదను పొడిచి తీసెను. "నీళ్లు లోపలికి పోకుంట ఎవ్వడు ఆపలేడు సారూ. బయటికి పోయే తొవ్వ ఉంటే సాలు" అనెను.

అవమానము, భయము, అసూయ, ఎడబాటు: ఇవి ఎంతటివాని హృదయములోనికైనను దూరును, వానిని ఆపు రంగు ఏ దుకాణమునను దొరకదు. కాని అవి వెలికిపోవు దారి నొకదానిని తెఱచియుంచుట మన చేతిలోని పని. నమ్మిన మిత్రునితో దుర్గంచెఱువు గట్టున ఒక గంట నడక, నిద్రకు ముందు దినచర్యలో నాలుగు నిజమైన వాక్యములు, తప్పు చేసినపుడు ఆలస్యము చేయక అడిగిన క్షమాపణ: ఇట్టివి చూచుటకు చిటికెనవ్రేలి పాటివి. మేడల వెలుగులో వానిని ఎవరును గమనింపరు. అయినను లోపలి ఇనుమును కాపాడునవి అవియే.

జూన్ మాసమున తొలివాన పడిన రాత్రి వసారాలోనికి జల్లు కొట్టినది. దీపము పట్టుకొని పోయి చూచితిని. ఛాసిస్‌పై పడిన నీరు కమ్మివెంట జాఱి, లోనికి దిగి, ఒక్క క్షణము కనబడకుండ పోయి, అడుగునున్న రంధ్రమునుండి బొట్టుబొట్టుగా నేలకు రాలుచున్నది. వాన వెలిసిన తరువాతను, చివరి బొట్టు రాలువఱకు నేనచటనే నిలిచియుంటిని.