గృహ, పెరటి పరిసరాలలో చీమల యాజమాన్యం: జాతి గుర్తింపు, విషపు ఎర వినియోగం

సారాంశం

ఇళ్లలో చీమల నివారణకు సాధారణంగా పిచికారి మందులను, పొడి మందులను వాడుతున్నారు. ఇవి బారులో కనబడే శ్రామిక చీమలను మాత్రమే చంపుతాయి. గూటిలోని రాణి చీమలు, లార్వాలు క్షేమంగా మిగిలిపోవడం వలన కొద్ది రోజులలోనే బారు మరల ఏర్పడుతుంది. కొన్ని జాతులలో పిచికారి వలన ఒకే గూడు పలు గూళ్లుగా చీలిపోవడం కూడా కలదు. చీమ జాతిని గుర్తించి, ఆహారపు మొగ్గును పరీక్షించి, తక్కువ గాఢత గల విషపు ఎరను శ్రామిక చీమల ద్వారానే గూటికి చేర్చడం సమర్థవంతమైన పద్ధతి. ఈ పద్ధతిలోని మెలకువలను, పెరటిలో పాటించవలసిన తేడాలను, నిషిద్ధ పొడి మందుల ప్రమాదాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

పరిచయం

వాకిట బియ్యపు పిండితో ముగ్గు వేసి చీమలకు ఆహారం పెట్టడం తెలుగు ఇళ్లలో తరతరాల ఆచారం. అవే చీమలు బెల్లపు డబ్బాలోను, పసిబిడ్డ పక్క మీదను కనబడినపుడు చీమల మందు కోసం వెదకడం కూడా అంతే సాధారణం. ఈ రెండు దృష్టులలోను కొంత సత్యం కలదు. చీమలు నేలను గుల్లపరుస్తాయి, చెదలను, చిన్న పురుగులను వేటాడుతాయి, మృత కీటకాలను తొలగిస్తాయి. కాబట్టి పెరటిలో చీమలను సమూలంగా నిర్మూలించడం సాధ్యమూ కాదు, అవసరమూ కాదు. ఇంటిలోనికి రాకుండా చూడడం, వచ్చిన వాటి గూటిని నశింపజేయడం, పెరటిలో హాని చేసే జాతులను మాత్రమే అదుపు చేయడం లక్ష్యంగా ఉండవలెను.

విస్తరణ సిబ్బందిని గృహస్థులు తరచుగా అడిగే ప్రశ్న "ఏ మందు చల్లాలి?" అన్నది. దానికి సమాధానం చెప్పుటకు ముందు ఇది ఏ చీమ, దాని గూడు ఎక్కడ, అది ఏమి తింటున్నది అన్న మూడు విషయాలను తెలుసుకొనవలెను.

గూటి నిర్మాణం, ఆహార పంపిణీ

ఆహారం కోసం బయట తిరిగే చీమలు గూటి జనాభాలో కొద్ది భాగం మాత్రమే. గుడ్లు పెట్టే రాణులు, లార్వాలు, వాటిని సాకే చీమలు లోపలనే ఉంటాయి. ఎదిగిన చీమ ఘనాహారాన్ని మింగలేదు. ద్రవాన్ని మాత్రమే స్వీకరించగలదు. శ్రామిక చీమ తాను త్రాగిన ద్రవాన్ని ఉదరంలోని సంచిలో నిలువ చేసి, గూటికి చేరిన తరువాత తోటి చీమలకు నోటి నుండి నోటికి అందిస్తుంది. ఘనాహారాన్ని గూటికి మోసుకొనిపోగా, బాగా ఎదిగిన లార్వాలు దానిని జీర్ణం చేస్తాయి. ఈ పంపిణీయే ఎర పద్ధతికి ఆధారం. విషం నెమ్మదిగా పనిచేసినపుడే అది రాణి వరకు చేరుతుంది. మోసే చీమ దారిలోనే చనిపోతే విషం కూడా అక్కడే ఆగిపోతుంది.

ముఖ్యమైన జాతుల గుర్తింపు

ఫరో చీమ: శాస్త్రీయ నామం మోనోమోరియం ఫరావోనిస్. సుమారు 2 మి.మీ. పొడవు, పసుపు నుండి లేత గోధుమ రంగు. స్విచ్ బోర్డులు, గోడ పగుళ్లు, తలుపు చట్రాలలో గూడు కడుతుంది. తీపిని, మాంసకృత్తులను, నూనె పదార్థాలను కూడా తింటుంది. ఆసుపత్రులలో రోగకారక బాక్టీరియాను మోసుకొనిపోగలదని 1972 లోనే ప్రచురితమైంది.

దయ్యపు చీమ: టాపినోమా మెలనోసెఫాలమ్. సుమారు 1.5 మి.మీ. మాత్రమే. తల నల్లగాను, ఉదరం, కాళ్లు పాలిపోయినట్లుగాను ఉండడం వలన లేత రంగు గచ్చుపై సగం చీమ మాత్రమే కదులుతున్నట్లు కనబడుతుంది. తీపిని అధికంగా ఇష్టపడుతుంది. పూల కుండీలలోను, గోడ సందులలోను నివసిస్తుంది.

పిచ్చి చీమ: పారాట్రెకినా లాంగికార్నిస్. ముదురు రంగు, 2.5 నుండి 3 మి.మీ. పొడవు, మిక్కిలి పొడవైన కాళ్లు, స్పర్శశృంగాలు. తిన్నని బారులో నడవక అటూ ఇటూ వేగంగా పరుగెత్తడం దీని లక్షణం.

నిప్పు చీమ: సొలెనాప్సిస్ జెమినేటా. ఎర్రని రంగు, ఒకే గూటిలో చిన్న చీమలు, పెద్ద తల గల పెద్ద చీమలు కలిసి ఉంటాయి. ఎండ తగిలే ఆరుబయట వదులు మట్టిని కుప్పగా పోస్తుంది. ఉష్ణమండల అమెరికా దీని జన్మస్థానం. కుట్టినపుడు తీవ్రమైన మంట కలుగుతుంది. నారుమడులలో చల్లిన విత్తనాలను కూడా మోసుకొనిపోతుంది.

గండుచీమ: కాంపోనోటస్ కంప్రెసస్. పెద్దది, నల్లనిది. చెట్ల మొదళ్ల వద్ద నేలలో గూడు కడుతుంది. గట్టిగా కరుస్తుంది గాని కుట్టదు. ఇంటిలో దీని వలన నష్టం స్వల్పం.

తొలకరి వానలకు దీపం చుట్టూ మూగే ఉసిళ్లను చీమలుగా పొరబడరాదు. అవి రెక్కల చెదలు. చీమకు సన్నని నడుము, మోచేయి వలె వంగిన స్పర్శశృంగాలు, వెనుక రెక్కల కంటె పెద్దవైన ముందు రెక్కలు ఉంటాయి. చెదకు నడుము సన్నబడదు, స్పర్శశృంగాలు తిన్నగా పూసల దండ వలె ఉంటాయి, నాలుగు రెక్కలు సమానం. రెండింటి యాజమాన్యం పూర్తిగా వేరు కనుక ఈ తేడా మొదట తెలియవలెను.

పిచికారి విఫలమగుటకు కారణాలు

ఫరో చీమ, దయ్యపు చీమ గూళ్లలో రాణులు అనేకం. గూటికి అలజడి కలిగినపుడు కొన్ని శ్రామిక చీమలు లార్వాలను, గుడ్లను, ఒకటి రెండు రాణులను వెంటబెట్టుకొని వేరొక చోట కొత్త గూడు ప్రారంభిస్తాయి. వంటింటిలోని ఒక బారుపై వికర్షక గుణం గల పైరిత్రాయిడ్ మందు కొట్టిన తరువాత పడకగదిలోను, స్నానపు గదిలోను కొత్త బారులు కనబడడానికి ఇదే కారణం కావచ్చును. పసుపు, కారం, కర్పూరం వంటివి కూడా బారును పక్కకు మళ్లిస్తాయే గాని గూటిని తగ్గించవు.

ఎర తయారీ, అమరిక

ముందుగా ఆహారపు మొగ్గును పరీక్షించవలెను. ఒక అట్టముక్కపై పంచదార నీటి చుక్కను, మరొక దానిపై వేరుశనగ ముద్దను లేదా ఎండుచేపల పొడిని ఉంచి, బారు పక్కన అరగంట సేపు పరిశీలించవలెను. చీమలు దేనిపై అధికంగా మూగుతాయో ఆ రకపు ఎరను ఎన్నుకొనవలెను.

తీపిని కోరే జాతులకు 100 మి.లీ. గోరువెచ్చని నీటిలో 10 గ్రాముల పంచదార, 1 గ్రాము బోరిక్ ఆమ్లం కరిగించవలెను. క్యారమ్ బల్లపై చల్లే బోరిక్ పొడిగా ఈ రసాయనం చాలా మందికి పరిచితమే. అయితే దీనిని చెంచాతో ఉజ్జాయింపుగా గాక, త్రాసుతో తూచి వేయడం ముఖ్యం. గాఢత పెరిగినకొద్దీ ఫలితం పెరుగుతుందన్న భావన ఇక్కడ వర్తించదు. ఎక్కువ వేసిన ద్రావణాన్ని చీమలు విడిచిపెడతాయి, లేదా గూటికి చేరకముందే చనిపోతాయి.

ఈ ద్రావణంలో తడిపిన దూదిని రంధ్రాలు చేసిన చిన్న మూత డబ్బాలో ఉంచి, బారు పక్కన పిల్లలకు, పెంపుడు జంతువులకు అందని చోట అమర్చవలెను. డబ్బాపై "విషం" అని వ్రాయవలెను. ద్రావణం ఎండిపోకుండా, పులియకుండా రెండు మూడు రోజులకొకసారి మార్చవలెను. ఎర ఉన్నంత కాలం ఆ పరిసరాలలో పిచికారి గాని, ఫినాయిల్ గాని వాడరాదు. మాంసకృత్తులను, నూనెను కోరే చీమలు ఈ ద్రావణానికి రావు. వాటికి లేబుల్‌పై చీమల కొరకు సిఫారసు చేయబడిన ఎరలను వాడవలెను.

మొదటి రోజు ఎర వద్ద చీమలు విపరీతంగా పెరుగుతాయి. గృహస్థులు భయపడి మందు కొట్టేది సాధారణంగా ఈ దశలోనే. దానితో పద్ధతి మొత్తం విఫలమౌతుంది. ఈ పెరుగుదల ఎర స్వీకరించబడుతున్నదనుటకు గుర్తు అని ముందుగానే తెలియజేయవలెను. ఫరో చీమ గుడ్డు నుండి శ్రామిక చీమగా ఎదుగుటకు సుమారు ఆరు వారాలు పడుతుంది. కనుక బారు ఆగిన వెంటనే ఎరను తీసివేయక, మరికొన్ని వారాలు కొనసాగించవలెను.

నివారణ చర్యలు

తీపి పదార్థాలను బిగుతు మూత గల డబ్బాలలో ఉంచడం, రాత్రి అంట్లు మిగల్చకపోవడం, బారు దారిని సబ్బునీటితో తుడిచి వాసన జాడను చెరపడం, పగుళ్లను సిమెంటుతో పూడ్చడం ప్రధానమైనవి. ఎర పెట్టిన చోట మాత్రం గూడు నశించిన తరువాతనే దారిని తుడవవలెను. అలమర కాళ్ల క్రింద నీటి గిన్నెలు ఉంచే పాత పద్ధతి చీమలను ఆపుతుంది గాని, ఆ నీటిలో డెంగీని వ్యాపింపజేసే ఈడిస్ దోమలు పెరుగుతాయి. వారానికొకసారి నీటిని పారబోసి, గిన్నెలను రుద్ది కడగవలెను.

పెరటిలో యాజమాన్యం

మందార, జామ, సీతాఫలం, బొప్పాయి మొక్కలపైకి చీమల బారు ఎక్కుతున్నదంటే అక్కడ పిండినల్లి, పేనుబంక లేదా పొలుసు పురుగు ఉన్నదని భావించవలెను. ఆ పురుగులు విసర్జించే తేనెబంక కోసం చీమలు వాటిని కాపాడుతూ, అక్షింతల పురుగులను, పరాన్నజీవులను తరిమివేస్తాయి. 2008 లో భారతదేశంలో తొలిసారి గుర్తించబడిన బొప్పాయి పిండినల్లిని 2010 లో దిగుమతి చేసుకొన్న అసెరోఫాగస్ పపాయే అను పరాన్నజీవి అదుపులోనికి తెచ్చింది. ఇటువంటి మిత్రపురుగులు పనిచేయవలెనంటే చీమల కాపలా తొలగవలెను. కాండానికి బట్ట లేదా కాగితపు పట్టీ చుట్టి, దానిపై జిగురు పూయవలెను; బెరడుపై నేరుగా పూయరాదు. నేలను, గోడను తాకే కొమ్మలను కత్తిరించవలెను. లేనిచో చీమలు పట్టీని తప్పించుకొని ఎక్కుతాయి.

మనుషులు తిరిగే చోట గల నిప్పు చీమల కుప్పలపై మరిగిన నీరు పోయడం పాక్షికంగా ఉపకరిస్తుంది. మొక్కల వేళ్లకు, కాళ్లకు హాని కలగకుండా జాగ్రత్త వహించవలెను. కుట్టిన తరువాత శ్వాస కష్టమైనా, ముఖం వాచినా వెంటనే ఆసుపత్రికి తరలించవలెను.

పొడి మందుల ప్రమాదం

పొలం కోసం కొన్న పొడి మందును ఇంటిలో చీమలకు చల్లడం, మిగిలినది వంటింటి గూటిలో దాచడం అత్యంత ప్రమాదకరం. పిండిని పోలిన ఆ పొడి పొరపాటున ఆహారంలో కలిసే అవకాశం కలదు. బి.హెచ్.సి. 1997 నుండి, లిండేన్ వాడకం 2013 నుండి, మిథైల్ పారథియాన్, కార్బరిల్ 2018 నుండి దేశంలో నిషేధించబడినవి. ఫోరేట్‌ను కూడా 2020 తరువాత వాడరాదు. పాత నిల్వలు ఉన్న ఇళ్లలో వాటిని గుర్తించి, వ్యవసాయాధికారి సలహాతో తొలగింపజేయవలెను. సుద్దముక్క రూపంలో లభించే చీమల మందులో కూడా కీటకనాశిని ఉంటుంది. పిల్లలు దానిని పలకపై వ్రాసే బలపంగా భావించే ప్రమాదం కలదు.

ముగింపు

చీమల యాజమాన్యంలో ఫలితాన్ని చచ్చిన చీమల లెక్కతో కొలవరాదు. ఎర పెట్టుటకు ముందు, తరువాత ప్రతి వారం ఒకే సమయంలో అదే అట్టముక్కపై పంచదార నీటి చుక్క ఉంచి, అరగంటలో చేరిన చీమలను లెక్కించి నమోదు చేయవలెను. వరుసగా కొన్ని వారాలు ఆ అట్టపై చీమ కనబడనపుడే గూడు నశించినదని భావించవచ్చును. గ్రామాలలో ఒకటి రెండు ఇళ్లలో ఈ ప్రదర్శన నిర్వహించి, లెక్కలను గృహిణుల చేతనే వ్రాయించినచో, పొడి మందు చల్లకుండా వేచి ఉండవచ్చునన్న నమ్మకం వారికి కలుగుతుంది. వంటింటి నుండి విషపు పొడిని తొలగించుటకు ఆ నమ్మకమే ఆధారం.