కాంటనీసు జాతీయములలో నమ్మదగనివాడు

దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రమునను, హాంకాంగు, మకావులలోను వ్యవహరింపబడు కాంటనీసు భాషలో నమ్మదగని మనుష్యుని గూర్చిన జాతీయములు పెక్కు గలవు. అనువాదకులు వీని నన్నింటిని ‘ద్రోహి’ అను నొక్క మాటతో సరిపుచ్చుట తగదు. కృతఘ్నత, పక్షద్రోహము, మాట తప్పుట అను మూడు దోషములకు ఆ భాషలో వేరువేరు పలుకుబడు లున్నవి.

కృతఘ్నుని ‘సిక్ వున్ మిన్, ఫాన్ వున్ తయ్’ అందురు. గిన్నె పైభాగమున తిని, దాని అడుగును తలక్రిందు చేయువాడని అర్థము. మన ‘తిన్న యింటి వాసములు లెక్కపెట్టుట’ దీనికి సరిజోడు. ‘క్వో ఖియు ఛౌ పాన్’ అనగా వంతెన దాటి పలకను లాగివేయుట. దీనికి ‘ఏరు దాటిన పిమ్మట బోడి మల్లయ్య’ అను సామెత చాలదు. అందు పోవునది మర్యాద మాత్రమే. ఇచట దాటించిన సాధనమే నశించుచున్నది. కావున ‘ఏరు దాటి తెప్ప తగులవేయుట’ యే తగిన అనువాదము.

పక్షద్రోహికి రెండు పేర్లు ముఖ్యములు. ‘ఫాన్ క్వత్ చయ్’ అనగా ఎదురుతిరుగు ఎముక గలవాడు. మూడు రాజ్యముల కథను చెప్పు ప్రసిద్ధ చైనా నవలలో, వెయ్ యాన్ అను సేనాని తల వెనుక అట్టి ఎముక కలదని మంత్రి జూగే లియాంగ్ శంకించును. ఇందు ద్రోహము పుట్టుకతో వచ్చిన గుణము. ‘యీ ఙ్ చయ్’ అనగా ‘రెండు-ఐదు కుర్రవాడు’. తనవారి రహస్యములను ఎదుటి పక్షమున కందించువాడు. షావొలిన్ మఠమునకు ద్రోహము చేసిన ఏడవ శిష్యుని బట్టి, రెండును ఐదును కలిపి, ఈ పేరు కలిగినదని జనశ్రుతి. ఇందు ద్రోహము చేతవలన తేలినది.

మాట తప్పువాని దోషము తేలిక. వచ్చెదనని చెప్పి రాకుండుట ‘ఫోఙ్ ఫేయ్ కేయ్’, అనగా విమానమును వదలుట. ఇందు విసుగే కాని పగ లేదు. ‘సొన్ ఖొయ్ యత్ సిఙ్, సొఙ్ ముక్ సత్ మిఙ్’ అను పలుకు హాస్యప్రధానము: వానిని పదింట నొక వంతు నమ్మినను రెండు కన్నులును పోవును. నాలుగేసి అక్షరముల రెండు భాగములకును అంత్యప్రాస కుదిరినది. నిందలో సగము నమ్మినవానిపైనను పడుట ఇందలి చమత్కారము.

కావున నిఘంటుకారుడు అర్థముతోపాటు నింద యొక్క తీవ్రతను సైతము సూచింపవలెను. సమయమునకు రానివానిని ద్రోహి యనుట ఎంత యన్యాయమో, రహస్యము లమ్మినవానిని మాట తప్పినవాడని విడుచుటయు నంతే.